బడి గడప దాటిన చదువు

1907 ఏప్రిల్‌లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలతో రాజమహేంద్రవరం హోరెత్తింది. ఆ వేడిలోనే ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు వెళ్లారు. వారికి ముందు నిలిచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. ఈ ఘట్టాన్ని మనం స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో చదువుకుంటాం. విద్యాచరిత్రలోనూ దానికి పెద్దపీట వేయాలని నా అభిప్రాయం. ఊరి సంగతులు, చదువుకునే పిల్లలకెందుకన్న పెద్దల మాటకు ఆ కుర్రవాళ్లు నిలబడి జవాబు చెప్పారు. పైగా, బడిపంతులు కావలసిన ఆ గాడిచర్లే తరువాతి కాలంలో వయోజన విద్యకూ గ్రంథాలయోద్యమానికీ జీవితం ధారపోసి, ఊళ్లకు ఊళ్లనే తన తరగతి గదులుగా చేసుకున్నారు.

ఆ జవాబుకు మూడేళ్లలో ఒక రూపం వచ్చింది. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యల పూనికతో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. పుస్తకంతో పాటు చేతిపనీ అక్కడ చదువులో భాగమే. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. పల్లె గ్రంథాలయం ఉన్నచోట రాత్రిబడి కూడా మొదలయ్యేది. నాలుగక్షరాలు వచ్చిన కుర్రాడు లాంతరు వెలుగులో తన తండ్రి వయసు కూలీ చేత అక్షరాలు దిద్దించేవాడు. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ వెంట తిప్పారు. రేవులో పడవ ఆగితే గట్టున ఉన్న ఊరివాళ్లు చదివిన పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకునేవారు. మన సమాజసేవకు ఇంతకన్నా అందమైన ఆనవాలు నాకు కనబడదు. 1937లో వార్ధా సదస్సులో గాంధీజీ ‘నయీ తాలీం’ పేరిట పనినీ చదువునూ ముడివేసినప్పుడు, ఆ మాట తెలుగువారికి అపరిచితంగా తోచి ఉండదు.

ఇదే కాలంలో ఈ చదువుకు మరో పాయ మదనపల్లె కొండల్లో పుట్టింది. ఆ ఊళ్లో 1895లో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో దాపునే రిషివ్యాలీ పాఠశాల ఎదిగింది. అక్కడ సాయంత్రం పూట పిల్లలు కొండ చరియ మీద కూర్చుని సూర్యాస్తమయాన్ని మౌనంగా చూస్తారు. అస్తాచల్ అని దానికి పేరు. ఆ కాసేపూ పాఠం ఉండదు, ప్రశ్నలుండవు. చూడడం అలవడిన కళ్లకు చుట్టుపక్కల సంగతులన్నీ కనబడతాయి. ఎండిన కొండల మీద చెట్లు పెంచిన ఆ లోయ 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతమైంది. చుట్టూ ఉన్న పల్లెల పిల్లల కోసం చిన్న బడులు కూడా ఆ ఆవరణ నుంచే నడిచాయి. మనసు నిలిపి నేర్చుకోవడం, ఇరుగుపొరుగుకు పనికిరావడం ఒకే చదువన్న సంగతి అక్కడ తేటతెల్లమైంది.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వాలు ఈ బాధ్యతను నెత్తికెత్తుకున్నాయి. విద్యారంగంపై వేసిన కొఠారీ కమిషన్ సమాజసేవను చదువులో చేర్చమంది. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసినప్పుడు సహాయానికి కదిలినవారిలో విద్యార్థులున్నారు. వాళ్లు ఏ మార్కుల కోసమూ వెళ్లలేదు. అదే ఏడాది ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సిఫార్సు చేసిన సమాజోపయోగ ఉత్పాదక పని మాత్రం చాలా హైస్కూళ్లలో టైంటేబుల్‌లో ఒక గడిగానే మిగిలింది. పని ఏదో పంతులు చెప్పి, ఎలా చెయ్యాలో కూడా ఆయనే చెబితే పిల్లవాడికి మిగిలేది రికార్డు రాసుకోవడమే.

మలుపు 1993లో వచ్చింది. దేశవ్యాప్తంగా మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ పది నుంచి పదిహేడేళ్ల పిల్లలను జట్టుగా చేరి తమ ఊరి సమస్యనే పరిశోధించమంది. బోరునీళ్లు ఎందుకు ఉప్పగా మారాయి, చెరువులో గుర్రపుడెక్క ఎందుకు పెరిగింది వంటి ప్రశ్నలు పిల్లలవయ్యాయి. నోటుబుక్కు పట్టుకుని ఎనిమిదో తరగతి పిల్ల ముసలమ్మ అరుగు మీద కూర్చుంటుంది. ‘నీ చిన్నప్పుడు ఈ బావిలో నీళ్లెంత లోతులో ఉండేవి అవ్వా?’ అని అడుగుతుంది. అవ్వ చెప్పేది తొందరపడకుండా వినడం, విన్నది తాడు వేసి కొలుచుకోవడం ఆ పిల్లకు అబ్బుతాయి. రాత్రిబడి లాంతరు దగ్గర మొదలైన పనీ, కొండచరియ మీది మౌనమూ ఆ అరుగు మీద ఒకటవుతాయి.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకాల సంచీ లేని పది రోజులు కేటాయించమంది. ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. ఆ పది రోజులకు కార్యక్రమ పట్టిక మీరు రాయకండి. ఊరు తిరిగి వచ్చి, చెయ్యవలసిన పనేదో పిల్లలనే తేల్చుకోనివ్వండి.