దొరగారి మనిషికి లైసెన్సు

డబ్లిన్‌లో అద్దె ఇంటికోసం తిరిగే మన తెలుగు పిల్లలకు చాలాసార్లు ముందుగా కనిపించేది ఇంటి యజమాని కాదు, ఏజెంటు. ఇల్లు చూపించేదీ, డిపాజిట్ పుచ్చుకునేదీ, పైపు కారితే ఫోనెత్తవలసిందీ ఆయనే. కమిషన్ తీసుకుని ఒకరి ఇంటిని మరొకరికి అద్దెకు కుదిర్చే మనిషికి ఐర్లండులో ఇవాళ లైసెన్సు తప్పనిసరి. అది లేకుండా ఆ పని చేయడం నేరం. ఈ నియమం దాకా రావడానికి ఆ దేశానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. అందులో చాలాకాలం ఏజెంటు దొరగారి మనిషి. దొరకు లెక్క చెబితే చాలు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఐర్లండు భూములు చాలావరకు ఊళ్లో ఉండని ప్రభువులవి. వాళ్లు భూమిని దీర్ఘకాలం ఒకరికి కౌలుకిస్తే, ఆయన ముక్కలు చేసి మరొకరికి, అతను ఇంకొకరికి ఇచ్చేవాడు. ఇందరి లాభమూ దున్నేవాడి నెత్తినే పడేది. 1776లో ఐర్లండు పర్యటన మొదలుపెట్టిన ఆంగ్ల వ్యవసాయ రచయిత ఆర్థర్ యంగ్ ఈ మధ్యదళారులను కఠినంగా తప్పుపట్టాడు. మరుసటి ఏడు ఆయనే మిచెల్స్‌టౌన్‌లో ఒక ప్రభువు ఎస్టేటుకు ఏజెంటుగా చేరాడు. ఎక్కువకాలం నిలవలేదు. నవలా రచయిత్రి మరియా ఎడ్జ్‌వర్త్ తన కుటుంబ ఎస్టేటులో కౌలు లెక్కలు స్వయంగా చూసింది. 1812లో వచ్చిన ఆమె నవల ‘ది ఆబ్సెంటీ’లో ఒక మంచి ఏజెంటు, ఒక చెడ్డ ఏజెంటు పక్కపక్కనే కనిపిస్తారు. ఎవరు దొరుకుతారన్నది రైతు అదృష్టం. మనిషి మంచితనం తప్ప వేరే భద్రత లేని రోజులవి.

ఆ లోటు ఎంత లోతైనదో 1880లో మేయో ప్రాంతంలో బయటపడింది. మాస్క్ సరస్సు ఒడ్డున ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. వసూలైన కౌలులో పదో వంతు ఆయనది. పంటలు దెబ్బతిన్న రైతులు కౌలులో నాలుగో వంతు తగ్గించమన్నారు. ప్రభువు ఒప్పుకోలేదు. సెప్టెంబరులో ఖాళీ చేయించే నోటీసులు బయల్దేరాయి. వాటిని పట్టుకొచ్చిన మనిషిని ఊరి ఆడవాళ్లు తరిమేశారు. కూలీలు పని మానేశారు, అంగళ్లవాళ్లు సరుకు అమ్మబోమన్నారు. బాయ్‌కాట్ చేలో పంట తీయడానికి ఉత్తరాది నుంచి యాభై మంది వచ్చారు, వాళ్లకు కాపలాగా సుమారు 1,000 మంది సైనికులు. దాదాపు 500 పౌండ్ల పంట కోసం 10,000 పౌండ్ల దాకా ఖర్చయిందని అప్పటి అంచనా. ఆ ఏడాది చివరికి ఆయన ఊరు విడిచాడు. ఇంటిపేరు మాత్రం భాషల్లో మిగిలింది. మన పత్రికలు ‘బాయ్‌కాట్’ అని రాసినప్పుడల్లా అచ్చవుతున్నది ఒక కౌలు ఏజెంటు ఇంటిపేరు.

కౌలు వసూలు చేయడంలోగాని, నోటీసులు పంపడంలోగాని బాయ్‌కాట్ అప్పటి చట్టాన్ని మీరలేదు. నన్ను కలవరపెట్టేది అదే. ఏజెంటు మీద ఫిర్యాదు చెప్పుకునే చోటంటూ లేదు గనక ఊరు ఊరంతా మొహం తిప్పుకోవలసి వచ్చింది. 1881 చట్టం కౌలు నిర్ణయించే అధికారాన్ని భూమి కోర్టులకిచ్చింది. 1903 చట్టం రైతులు భూములు కొనుక్కునే దారిని విస్తరించింది. పల్లెల్లో దొరగారి మనిషికి పని తగ్గుతూ వచ్చింది.

పట్నంలో మాత్రం కథ సాగుతూనే ఉంది. డబ్లిన్‌లో పాత మేడలను మొత్తంగా లీజుకు తీసుకుని, గది గదిగా పేదలకు అద్దెకిచ్చే దళారులుండేవారు. 1913 సెప్టెంబరులో చర్చ్ స్ట్రీట్‌లో అలాంటి అద్దె ఇళ్లు కూలి ఏడుగురు చనిపోయారు.

స్వతంత్ర ఐర్లండు 1947లో వేలందారులకూ ఇళ్ల ఏజెంట్లకూ లైసెన్సు చట్టం చేసింది. కోర్టు సర్టిఫికెట్, డబ్బు పూచీ ఉంటే లైసెన్సు వచ్చేది. చదువు, శిక్షణ అడగలేదు. అరవై ఏళ్లకు పైగా అదే నడిచింది. ఈలోగా అపార్ట్‌మెంట్లు లేచాయి, అద్దెకుండేవాళ్లు పెరిగారు, ఏజెంట్ల చేతుల్లో పరుల డబ్బూ పెరిగింది.

2011 చట్టంతో పద్ధతి మారింది. 2012 ఏప్రిల్‌లో నియంత్రణ సంస్థ ఏర్పడింది, కార్యాలయం నావన్ పట్టణంలో ఉంది. అద్దెకు కుదిర్చే పనికి ఒక తరగతి లైసెన్సు, అపార్ట్‌మెంట్ సముదాయాల నిర్వహణకు మరొకటి. అర్హత, బీమా, రాతపూర్వక ఒప్పందం ఉండాలి. వీటన్నిటికంటే విలువైన నియమం ఖాతాలది అంటాను. ఏజెంటు సొంత డబ్బు యజమానుల, అద్దెదారుల డబ్బుతో ఒకే ఖాతాలో కలవకూడదు. కలిస్తే, వ్యాపారం మునిగిన రోజున కుర్రవాడి డిపాజిట్ కూడా మునుగుతుంది. లైసెన్సుదారు మోసంతో నష్టపోయినవారి కోసం పరిహార నిధి కూడా పెట్టారు. ఏజెంటు తప్పు చేస్తే ఫిర్యాదు ఇప్పుడు నేరుగా నావన్‌కే వెళుతుంది.

సొంత ఇంటిని తనే అద్దెకిచ్చుకునే యజమానికి ఈ లైసెన్సు అక్కర్లేదు. ఆయన ఆ అద్దె ఒప్పందాన్ని 2004 చట్టం కింద ఏర్పడిన మరో బోర్డులో నమోదు చేయాలి. లైసెన్సుదారుల పేర్లు మాత్రం ఇంటర్నెట్‌లో అందరూ చూడగలిగేలా ఉన్నాయి. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో డిపాజిట్ పంపబోయే పిల్లవాడు ఆ జాబితాలో ఏజెంటు పేరు వెతకడానికి ఐదు నిమిషాలు పడుతుంది.