పాప మెడ ఇంకా నిలబడలేదా? ‘వాళ్ల నాయిన కూడా లేటే’ అని ఊరుకోకండి.. ఏ నెలలో డాక్టర్‌కు చూపించాలంటే?

నాలుగు నెలలు నిండాయి, పాప మెడ ఇంకా నిలబడలేదు. మల్దకల్ అయినా, గట్టు అయినా, అయిజ అయినా ఇంట్లో వినిపించే మాట ఒకటే: “ఏం కాదు, వాళ్ల నాయినకు కూడా అన్నీ లేటుగానే వచ్చినయ్.” చాలాసార్లు అవ్వ మాటే నిజమవుతుంది. పిల్లలంతా ఒకే లెక్కన ఎదగరు. కానీ కొందరి విషయంలో అలా ఎదురుచూసిన నెలలే తర్వాత దెబ్బతీస్తాయి.

ఏ నెలకు ఏం రావాలి?

రెండు నెలలు నిండేసరికి బిడ్డ మీ ముఖం చూసి నవ్వాలి. మూడు నెలలు దాటినా నవ్వు లేదు, కదిలే మనిషి వైపు చూపు తిప్పడం లేదు అంటే చూపించండి. నాలుగు నెలలు నిండాక కూడా ఎత్తుకుంటే మెడ వాలిపోతున్నా అంతే. ఆరు నెలలకు శబ్దం వచ్చిన వైపు తల తిప్పాలి, బోర్లా పడాలి. తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి, ‘తాత్తా, బాబ్బా’ లాంటి శబ్దాలు చేయాలి. ఏడాదికి పేరు పిలిస్తే చూడాలి, పట్టుకుని నిలబడాలి. 18 నెలలు నిండినా నడవకపోతే ఇక ఆగొద్దు. పాకడం సంగతి వేరు. కొందరు పాకకుండానే నేరుగా నడిచేస్తారు, మిగతావన్నీ బాగుంటే కంగారు అక్కర్లేదు.

నెలలు నిండకముందే పుట్టిన పిల్లలకు లెక్క మారుతుంది. రెండు నెలలు ముందు పుట్టిన బాబుకు ఇప్పుడు ఆరు నెలలైతే, ఎదుగుదలను నాలుగు నెలల బిడ్డతో పోల్చాలి. రెండేళ్ల వరకూ ఇదే లెక్క.

‘అస్సలు ఏడవడు, బంగారం’ అంటున్నారా?

సీడ్ పత్తి క్రాసింగ్ రోజుల్లో తెల్లారకముందే చేనుకు వెళ్లే తల్లికి ఏడవని బిడ్డ వరంలా అనిపిస్తుంది. కానీ పాలకు కూడా లేవకుండా మరీ మత్తుగా పడుకోవడం, మలబద్ధకం, బొంగురు ఏడుపు, రెండు వారాలు దాటినా తగ్గని కామెర్లు.. ఇవన్నీ పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపానికి గుర్తులు కావచ్చు. చిన్న రక్త పరీక్షతో తెలిసిపోతుంది. రోజుకో మాత్ర, అదీ ఖరీదైనది కాదు. మొదటి వారాల్లోనే మొదలుపెడితే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. నెలలు గడిచాక మొదలుపెడితే మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాదు.

ఈ మూడింటికి ఒక్కరోజు కూడా ఆగొద్దు

నిద్ర లేవగానే తల, నడుము ముందుకు వంచి, చేతులు చాచి ఉలిక్కిపడినట్టు వరసగా కుదుపులు రావడం మొదటిది. సాధారణంగా మూడు నుంచి ఎనిమిది నెలల మధ్య మొదలవుతుంది. కడుపునొప్పి అనో, జడుసుకుందనో తాయెత్తు కట్టేస్తుంటారు. ఇది ఒక రకం మూర్ఛ కావచ్చు. వెంటనే ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టర్ ముందు బిడ్డ మామూలుగా ఉన్నా ఆ వీడియో చూస్తే ఆయనకు సగం విషయం తెలిసిపోతుంది.

రెండోది, వచ్చినవి పోవడం. నిన్నటిదాకా కూర్చున్న బిడ్డ కూర్చోలేకపోవడం, అనే శబ్దాలు ఆగిపోవడం. మూడోది, కంటిపాపలో తెల్లటి మెరుపు.

ఏడాది లోపే ఒక చేతినే వాడుతూ, రెండోది పిడికిలి బిగించే ఉంచితే ‘ఎడమచేతి వాటం’ అని నవ్వుకోవద్దు. అంత చిన్న వయసులో వాటం తెలియదు, అటు పక్క కండరాల సమస్య ఉండొచ్చు.

వినికిడి కూడా అంతే. పళ్లెం కిందపడితే ఉలిక్కిపడింది కదా అని సరిపెట్టుకోవద్దు, మెల్లగా మాట్లాడితే వినబడకపోవచ్చు. మేనరికం పెళ్లిళ్లలో పుట్టుకతో చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆ ఇళ్లలో మొదటి నెలల్లోనే పరీక్ష చేయించడం మంచిది.

ఎవరిని అడగాలి?

ముందు ఆశా కార్యకర్త. పుట్టిన 42 రోజుల్లోపు పలుమార్లు, ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి రావాలి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే పథకం కింద మొబైల్ టీమ్ ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను పరీక్షిస్తుంది, అవసరమైతే పైఆసుపత్రికి రాసిస్తుంది. గద్వాల జిల్లా ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. పెద్ద సమస్య అయితే హైదరాబాద్ నీలోఫర్. మానసిక ఎదుగుదల గురించి అనుమానం ఉంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గరి మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది.

అన్నట్టు, త్వరగా నడుస్తారని జాతరలోనో, ఆన్‌లైన్‌లోనో వాకర్ కొనొద్దు. దానివల్ల నడక త్వరగా రాదు, పడి తలకు దెబ్బ తగిలే ప్రమాదమే ఎక్కువ. కెనడాలో 2004 నుంచే వాటి అమ్మకంపై నిషేధం ఉంది.

పుణె, ముంబై, హైదరాబాద్ పనులకు వలస వెళ్లే ఇళ్లలో ఆశా వచ్చే నెల, టీమ్ వచ్చే రోజు రెండూ తప్పిపోతాయి. బయల్దేరే ముందు ఎంసీపీ కార్డు సంచిలో పెట్టుకోండి. ఏ నెలకు ఏం రావాలో అందులో బొమ్మలతో సహా ఉంటుంది. కార్డు పోయినా ఇబ్బంది లేకుండా ప్రతి పేజీకీ ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.