ఊపిరి ఎవరు చూస్తున్నారు?



ఇంట్లో ఎవరికో ఆపరేషను చెయ్యాలని డాక్టరుగారు చెప్పారనుకోండి. మనం మొట్టమొదట చేసే పని ఏమిటి? పక్కింటి పిన్నిగారిని అడగటం. "ఫలానా ఆస్పత్రి చాలా మంచిదమ్మా, నేల అద్దంలా మెరుస్తూ ఉంటుంది" అంటారావిడ. ఇంకొకావిడ "మా ఆడపడుచు కాన్పు అక్కడే అయింది, ఆ డాక్టరుది మంచి హస్తవాసి" అంటారు. అంతటితో మన మనసు కుదుటపడుతుంది. చీర కొనేటప్పుడు కొంగు విప్పించి, అంచు నలిపి, వెలుతురులోకి తీసుకెళ్ళి మరీ చూస్తాం గదా! మనిషి ప్రాణం అప్పగించే చోటును మాత్రం విన్న మాట మీద నమ్మేస్తాం. మరి ఎలా చూడాలి అంటారా? నూట ముప్పై ఏళ్ళకు పైబడి, మన హైదరాబాదులోనే జరిగిన ఒక సంగతి చెబుతాను వినండి.

కాచిగూడ నుంచి కోఠీ వైపు వస్తే, ఎత్తైన స్తంభాలతో పాత రెసిడెన్సీ భవనం కనిపిస్తుంది. మనలో చాలామంది చదువుకున్న కోఠీ మహిళా కళాశాల అదే. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం అయింది. ఒకప్పుడు అక్కడ బ్రిటిషు రెసిడెంటు ఉండేవాడు. 1880లలో ఆ రెసిడెన్సీకి సర్జనుగా వచ్చినవాడు ఎడ్వర్డ్ లారీ. ఇక్కడి వైద్య పాఠశాలను, మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని ఆయనే చూసేవాడు. 1908 వరదలో ఆ ఆస్పత్రి దెబ్బతిని పోయింది. తరువాత వచ్చిందే మన ఉస్మానియా ఆస్పత్రి.

ఆ రోజుల్లో మత్తుకు క్లోరోఫారం వాడేవారు. 1847లో ఎడింబరో డాక్టరు సింప్సన్ దాన్ని వాడుకలోకి తెచ్చాడు. కత్తి కోత నొప్పి తెలియకుండా పోయేసరికి లోకమంతా సంబరపడింది. కాని మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో ఒక పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి ప్రాణం విడిచింది. కాలిగోరుకు ప్రాణం పోవడమేమిటి! అక్కడినుంచి వాదం మొదలయింది. ఈ మందు ముందు గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా? మత్తు ఇచ్చేవాడు నాడి పట్టుకు కూర్చోవాలా, ఊపిరి కనిపెట్టాలా? లండను వాళ్ళు నాడి అన్నారు. ఎడింబరో వాళ్ళు ఊపిరి అన్నారు. లారీది ఎడింబరో చదువు.

తన దగ్గర వేలమందికి క్లోరోఫారం ఇచ్చినా నష్టం జరగలేదనీ, కారణం ఊపిరి మీదనుంచి కన్ను తియ్యకపోవడమేననీ ఆయన చెప్పేవాడు. 1888లో ఒక సంఘం పెట్టి జంతువుల మీద పరీక్షలు చేయించాడు. లండనులోని 'లాన్సెట్' వైద్య పత్రిక ఆ ఫలితాలను నమ్మలేదు. ఇక్కడే లారీని మెచ్చుకోవాలి. "మీరే వచ్చి చూసుకోండి" అన్నాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చాడు. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టరు హైదరాబాదు వచ్చాడు. నాలుగు వందలకు పైగా జంతువులు ఆ పరీక్షల్లో బలి అయినాయి. చివరికి ఊపిరే ముందు ఆగుతుందని తేల్చారు. లారీ గెలిచాడు.

కథ ఇంతటితో అయిపోతే మన ఊరి గొప్ప చెప్పుకుని ఊరుకునేవాళ్ళం. కాని క్లోరోఫారం చావులు ఆగలేదు. చనిపోతే అది మత్తు ఇచ్చినవాడి అజాగ్రత్తే గాని మందు తప్పు కాదన్నది లారీ వాదం. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన అసలు గుట్టు బయటపెట్టాడు. మత్తు ఇంకా పూర్తిగా ఎక్కనప్పుడు, పైపైన ఉన్నప్పుడే, గుండె లయ తప్పి కొట్టుకుని ఒక్కసారిగా ఆగిపోవచ్చునని చూపించాడు. హైదరాబాదులో జంతువులకు బాగా ఎక్కువ మందు ఇచ్చి చూశారు. అప్పుడు ఊపిరే ముందు ఆగుతుంది. వాళ్ళు చూసింది నిజమే. చూడనిది కూడా ఉందన్న సంగతి మరిచిపోయారు.

దీన్నిబట్టి మనకు తెలిసేదేమిటి? మత్తులో ఉన్న మనిషిని ఒకరు రెప్పవాల్చకుండా కనిపెట్టి ఉండాలన్న లారీ మాట నూటికి నూరుపాళ్ళు సరి. లెక్క రాసి, బయటివాళ్ళను పిలిచి చూపించడమూ మంచిదే. కాని "మా దగ్గర ఇంతవరకు ఏమీ జరగలేదు" అన్న మాట ఒక్కటే రక్షణకు హామీ కాదు. పేరున్న డాక్టరు చెప్పినా కాదు.

ఈ కథలో మన ఆడవాళ్ళు తలుచుకోవలసిన మనిషి ఒకరున్నారు. రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ వనిత. 1885లో ఇక్కడి వైద్య పాఠశాలలో చేరిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. 1889లో చదువు ముగించి, ఈ ఊరి ఆస్పత్రుల్లో మత్తు ఇచ్చే పని చేపట్టారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరని ఆమెను చాలామంది అంటారు. ఇరవై ఏళ్ళ అనుభవం వచ్చాక, 1909లో ఓడెక్కి ఎడింబరో వెళ్ళి, ఫిజిక్సు, కెమిస్ట్రీ చదువుకున్నారు. నాకు అంతా తెలుసు అనుకోలేదు చూడండి! నన్నడిగితే, హస్తవాసి కంటే ముందు మనం వెతకవలసిన గుణం అదే.

ఇప్పుడు క్లోరోఫారం లేదు. మత్తు ఇచ్చినప్పుడు నాడినీ ఊపిరినీ రెంటినీ యంత్రాలు చూస్తాయి. కరోనా రోజుల్లో వేలికి పెట్టుకునే క్లిప్పు మన ఇళ్ళకు కూడా వచ్చింది గదా. ఆపరేషను గదిలోనూ ఆ పరికరమే కాపలా కాస్తుంది. అయినా యంత్రం కూత పెడితే వినే మనిషి కావాలి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు 19 అంశాల చిన్న జాబితాను ప్రపంచంలో ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో వాడి చూసిన ఫలితాలు వచ్చాయి. వాటిలో ఢిల్లీ కూడా ఉంది. రోగి పేరేమిటి, ఏ పక్క ఆపరేషను, మందులు పడతాయా, దూదీ కత్తెరలూ లెక్క సరిపోయాయా... ఇలాంటివే ఆ అంశాలు. మన పచారీ చీటీ లాంటిదే! ఆ చీటీ చదివి పని మొదలుపెట్టాక, ఆపరేషను తరువాత చావులు వెయ్యికి 15 నుంచి 8కి తగ్గాయి.

కనుక అమ్మా, ఈసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు నేల మెరుపు చూసి ఊరుకోకండి. మత్తు ఎవరు ఇస్తారు, ఆపరేషను అయ్యేదాకా ఆయన పక్కనే ఉంటారా అని అడగండి. రాత్రివేళ వార్డులో ఎంతమంది రోగులకు ఒక నర్సు అని అడగండి. సూది వేసేముందు పేరు అడుగుతున్నారా, చేతులు కడుక్కుంటున్నారా చూడండి. ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారు, ఎన్నిటిలో చిక్కులు వచ్చాయి అని అడగండి. నిజాయితీగల డాక్టరు కోపం తెచ్చుకోరు. సంతకం పెట్టమన్న కాగితం చదివే పెట్టండి. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. జబ్బు గురించి తెలుసుకోవడం, కాగితాల నకళ్ళు తీసుకోవడం, ఇంకొక డాక్టరు సలహా అడగడం అందులోవే. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడి మనం నోరు మూసుకుంటే, మంచమెక్కిన మనిషి తరఫున మాట్లాడేవాళ్ళు ఇంకెవరున్నారు?

మూసీ ఒడ్డున ఆనాడు వేసిన ప్రశ్న ఈనాటికీ పాతబడలేదు. మనవాళ్ళు మత్తులో కళ్ళు మూసుకున్నప్పుడు, వాళ్ళ ఊపిరి ఎవరు చూస్తున్నారు? లోపలికి తీసుకెళ్ళే ముందే ఆ ఒక్కమాట అడగండి.