తేలికైన చక్రమా, గాలిని కోసే చక్రమా? కార్బన్ వీల్స్ అసలు కథ

రోడ్ బైక్ కొన్న చాలామందికి ఆరు నెలలు తిరిగేసరికి ఒక పురుగు తొలచడం మొదలుపెడుతుంది. దాని పేరు కార్బన్ వీల్స్. ఉన్న అల్యూమినియం వీల్స్ తీసేసి, లక్ష పెట్టి, 400 గ్రాములు తక్కువ ఉన్నవి వేసుకుంటే బైక్ ఎగిరిపోతుందని ఆశ. స్పెక్ షీట్‌లో ముందు చూసే నంబర్ కూడా బరువే. మరి ఆ ఒక్క నంబర్ చూసి లక్ష పెట్టొచ్చా? జవాబు కోసం ఇవాళ కొంచెం హిస్టరీలోకి వెళ్దాం.

ముందు చక్రం గురించి. ఎడ్లబండి చక్రంలో కింద ఉన్న ఆకు స్తంభంలా నిలబడి బరువు మోస్తుంది. అందుకే అంత మందంగా ఉంటుంది. సైకిల్ చక్రం లాజిక్ వేరు. సన్నటి తీగల్ని అన్ని వైపుల నుంచీ బిగించి లాగితే, ఆ బిగువే చక్రాన్ని నిలబెడుతుంది. 1870ల్లో ఇంగ్లండ్‌లో జేమ్స్ స్టార్లీ ఈ తీగల చక్రాల్ని సైకిళ్లకి పనికొచ్చేలా చేశాడు. 1874లో స్పోక్స్‌ని హబ్ నుంచి ఏటవాలుగా, ఒకదాన్ని ఒకటి దాటేలా అల్లే పద్ధతి తెచ్చాడు. ఇవాళ మన వీధిలో పాల సైకిల్ చక్రం కూడా అదే పద్ధతి. చక్రం బరువు తగ్గడంలో అతి పెద్ద గంతు అప్పుడే పడిపోయింది!

తర్వాత రిమ్ వంతు. రేస్ సైకిళ్లకి చాలాకాలం చెక్క రిమ్‌లే ఉండేవి. 1934 టూర్ డి ఫ్రాన్స్‌ని ఆంటోనిన్ మాన్య్ గెలిచాడు. మావిక్ కంపెనీ చెప్పుకునే కథ ప్రకారం అతని రిమ్‌లు అల్యూమినియం మిశ్రమంతో చేసినవి. అప్పటి రూల్స్ ఒప్పుకోవు కాబట్టి చెక్కలా కనిపించేలా రంగు వేశారట. అంటే తేలికైన చక్రం మీద మోజు మన తరంతో మొదలైంది కాదు.

ఇప్పుడు అసలు మలుపు. సైక్లింగ్‌లో అవర్ రికార్డ్ అని ఒకటి ఉంది. ట్రాక్ మీద ఒక్కడే, ఒక్క గంటలో ఎంత దూరం తొక్కగలడు? అంతే. 1972 అక్టోబర్‌లో మెక్సికో సిటీలో ఎడ్డీ మెర్క్స్ 49.431 కిలోమీటర్లు తొక్కాడు. ఆ బైక్ బరువు 6 కిలోల లోపే. గ్రాములు తగ్గించాలని చైన్‌కి కూడా రంధ్రాలు పొడిచారు. బరువు తగ్గించడంలో అది అప్పటికి పరాకాష్ఠ.

1984 జనవరిలో అదే ఊళ్లో ఫ్రాన్సెస్కో మోజర్ 51.151 కిలోమీటర్లు తొక్కాడు. ఇక్కడే తమాషా. అతని బైక్ మెర్క్స్ బైక్ కంటే బరువు ఎక్కువ! తేడా చక్రాల్లో కనిపించింది. రెండూ డిస్క్ వీల్స్, అంటే స్పోక్స్ బయటికి కనపడకుండా పళ్లెంలా మూసేసిన చక్రాలు. క్రెడిట్ అంతా చక్రాలకే ఇవ్వకూడదు లెండి. కూర్చునే పద్ధతి, డ్రెస్ కూడా గాలికి తగ్గట్టు మార్చారు. రక్తమార్పిడి చేయించుకున్నానని మోజర్ తర్వాత తనే చెప్పాడు, అప్పటికి దాని మీద నిషేధం లేదు. కానీ ప్రపంచానికి ఒక విషయం అర్థమైపోయింది. చదునైన రోడ్డు మీద మన అసలు శత్రువు గాలి.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలా? క్రిస్ బోర్డ్‌మన్ అనే బ్రిటిష్ రైడర్ 1996లో గాలిని తప్పించుకునే అన్ని హంగులతో గంటలో 56.375 కిలోమీటర్లు తొక్కాడు. తర్వాత మెర్క్స్ కాలం నాటి లాంటి మామూలు బైక్ మీదే రికార్డ్ కొట్టాలని రూల్ వచ్చింది. 2000లో అదే బోర్డ్‌మన్ ఆ బైక్ మీద తొక్కింది 49.441. మెర్క్స్ కంటే సరిగ్గా 10 మీటర్లు ఎక్కువ! మనిషి అదే. నాలుగేళ్ల వయసు పెరిగింది, నిజమే. కానీ దాదాపు 7 కిలోమీటర్ల తేడాలో సింహభాగం గాలిదే.

మరి ఇందులో కార్బన్ పాత్ర ఏంటి? గాలి సాఫీగా జారిపోవాలంటే రిమ్ లోతుగా ఉండాలి. అల్యూమినియంతో అంత లోతు రిమ్ చేస్తే బరువు పెరిగిపోతుంది. కార్బన్‌తో అయితే లోతు పెంచినా బరువు అదుపులో ఉంటుంది. అమెరికాలో స్టీవ్ హెడ్ లాంటివాళ్లు 1980ల నుంచీ ఈ ఆకారం మీదే పనిచేశారు. అంటే కార్బన్ మనకిచ్చిన పెద్ద లాభం ఆకారం. తేలిక దాని వెనక వచ్చింది.

2000 నుంచి ఇంకో రూల్ అమల్లోకి వచ్చింది. రేస్ బైక్ 6.8 కిలోల కంటే తక్కువ ఉండకూడదని యూసీఐ గీత గీసింది. బైక్ ఇప్పటికే ఆ గీత దగ్గర ఉన్న ప్రో టీమ్‌కి ఇంకో 200 గ్రాములు తగ్గించినా లాభం సున్నా.

ఇప్పుడు మన లెక్క. మనిషి, బైక్, నీళ్ల బాటిల్ కలిపి 80 కిలోలు అనుకోండి. 400 గ్రాములంటే అందులో 0.5 శాతం. గంట పట్టే నిటారు ఘాట్‌లో అదే బలంతో తొక్కితే మిగిలేది మహా అయితే 18 సెకన్లు. "తిరిగే బరువు రెండింతలు కదా బ్రో" అంటారు. కరెక్టే. రిమ్ అంచున ఉన్న గ్రాము ముందుకూ వెళ్లాలి, గుండ్రంగానూ తిరగాలి. కానీ ఆ రెండింతల లెక్క స్పీడ్ పెంచే క్షణాల్లోనే. అప్పుడు కూడా 80 కిలోల్లో 1 శాతమే. గాలి అలా కాదు. స్పీడ్ రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు, దాన్ని దాటడానికి కావాల్సిన పవర్ ఎనిమిదింతలు.

ఇక సేఫ్టీ. ఇది డబ్బు కంటే ముఖ్యం. రిమ్ బ్రేక్ ఉన్న బైక్‌లో బ్రేక్ ప్యాడ్ రిమ్‌నే రాస్తుంది. అల్యూమినియం ఆ వేడిని త్వరగా వదిలేస్తుంది. కార్బన్ రిమ్‌లో పోగుల్ని పట్టి ఉంచేది రెసిన్. వేడి హద్దు దాటితే అది మెత్తబడుతుంది. శ్రీశైలం ఘాట్ లాంటి చోట బ్రేక్ పట్టుకునే దిగేవాళ్లకి ఇది ఆట కాదు. 2018 నుంచి ప్రో రోడ్ రేసుల్లో డిస్క్ బ్రేకులకి పూర్తి అనుమతి వచ్చాక ఈ తలనొప్పి పోయింది, రిమ్ మీద వేడి పడటం లేదు కాబట్టి.

కానీ కొత్తది ఒకటి వచ్చింది, హుక్‌లెస్ రిమ్. టైర్ అంచుని పట్టుకునే కొక్కెం ఇందులో ఉండదు. గాలి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ దాటకూడదు. టైర్ కూడా ఆ రిమ్‌కి సరిపోతుందని కంపెనీ చెప్పినదే వేయాలి. పాత అలవాటుకొద్దీ వంద పీఎస్ఐ కొట్టించారంటే టైర్ ఊడొచ్చే ప్రమాదం ఉంది.

సో, కొనేముందు మీ రోడ్డుని చూసుకోండి. 2023లో మొదలైన హైదరాబాద్ ఓఆర్ఆర్ సోలార్ సైకిల్ ట్రాక్ లాంటి చోట్ల ఎక్కువగా తొక్కితే, బరువు కంటే రిమ్ లోతు పనికొస్తుంది. పక్కగాలి ఎక్కువ ఉంటే ముందు చక్రం మరీ లోతు వద్దు, హ్యాండిల్ లాగేస్తుంది. రిమ్ బ్రేక్ బైక్ అయి, ఘాట్లు ఎక్కువ దిగేవాళ్లైతే మంచి అల్యూమినియం రిమ్‌తోనే ఉండండి, అందులో నామోషీ ఏం లేదు. సగం ధరకే పెద్ద బ్రాండ్ స్టిక్కర్ కనపడితే దాని జోలికి పోవద్దు. గుంతలో పడితే అల్యూమినియం వంగి మనకి చెప్తుంది. కార్బన్ లోపల చీలినా ఒక్కోసారి పైకి కనపడదు.

లక్ష ఇంకా చేతిలోనే ఉంటే, ముందు మంచి టైర్లు, ఒంటికి అతికే జెర్సీ, వంగి తొక్కే ప్రాక్టీస్. గాలికి ఎక్కువ అడ్డం పడేది చక్రం కాదు ఫ్రెండ్స్, మనమే.