‘ఎస్టీమ్’ అనే మాటకు ధర

ఇంగ్లీషులో ‘ఎస్టీమ్’ అనే మాటకు మన నిఘంటువులు గౌరవం, మన్నన, ఆదరం అని అర్థాలు చెపుతాయి. తప్పు కాదు. కాని అంతటితో తృప్తిపడిన విద్యార్థికి ఆ మాట చరిత్రలో ముఖ్యమైన సగం అందదు. ‘ఎస్టీమ్’, ‘ఎస్టిమేటు’ ఒకే తల్లి బిడ్డలు. రెండింటికీ మూలం లాటినులోని ‘ఈస్తిమారే’, అనగా ధర కట్టడం. గోదావరిఖనిలో కాంట్రాక్టరు నోట రోజూ ఆడే ‘ఎస్టిమేటు’నూ, సభావేదికలమీద వినిపించే ‘ఎస్టీమ్డ్’ అన్న సంబోధననూ పక్కపక్కన నిలబెట్టి చూసినప్పుడుగాని యీ చుట్టరికం నాకు పూర్తిగా బోధపడలేదు.

ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన యీ మాటకు 15వ శతాబ్దంలో విలువ నిర్ణయించడం అనే అర్థమే ప్రధానం. 16వ శతాబ్దంలో మనిషిని గొప్పగా ఎంచడం అనే అర్థం బలపడింది. క్రమంగా ధర కట్టే పని ‘ఎస్టిమేటు’కు పోయి, ‘ఎస్టీమ్’ హృదయానికి సంబంధించిన మాటగా మిగిలింది. అది వర్తక పెట్టుబడి బలిసిన కాలం. బజారు భాషనూ, పెద్దమనుషుల భాషనూ వేరుచేసి చూపవలసిన అవసరం సరిగ్గా బజారు పెరిగినప్పుడే కలిగిందంటే అందులో నాకు వింత కనిపించదు.

ఇదే లాటిను మూలం నుంచి ఇంగ్లీషులో మూడో మాట కూడా పుట్టింది: ‘ఎయిమ్’, అంటే గురి. మన తెలుగులోనూ ‘గురి’కి రెండర్థాలున్నాయి గదా! బాణానికి గురి వుంటుంది. పంతులుగారిమీద శిష్యుడికీ గురి వుంటుంది. అప్పు తెచ్చుకున్నది కాదు, మనకు మనంగా నడిచిన దారి. లెక్కచేయడం, విలువ యివ్వడం మాటలా అంతే. ‘గౌరవం’ మాత్రం ధరనుంచి గాక తూకంనుంచి వచ్చింది. అది ‘గురు’ శబ్దభవం, బరువైనది. తెలంగాణలో నిత్యం వాడే ‘ఇజ్జత్’ అరబ్బీ మాట; దాని ధాతువులో బలమూ, అరుదైనతనమూ రెండూ వున్నాయి.

మాటలో దాగిన ధరను దాచకుండా బయటపెట్టినవాడు హాబ్స్. 1651లో వెలువడిన ‘లెవయతాన్’లో అతడు మనిషి విలువ అంటే అతని ధరేనని, అతని శక్తిని వాడుకునేందుకు ఎంత యిస్తారో అంతేనని మొహమాటం లేకుండా రాశాడు. పెట్టుబడిదారీ సమాజం తన గురించి తాను చెప్పుకున్న నిజం అది. శ్రమశక్తి సరుకుగా మారిందని వివరిస్తూ మార్క్స్ ఆ వాక్యాన్ని ప్రత్యేకించి జ్ఞాపకం చేసుకున్నాడు. ధనవంతులను ఆరాధించి పేదలను చిన్నచూపు చూసే అలవాటు నీతిని చెరుస్తుందని 1790లో ఆడం స్మిత్ కూడా హెచ్చరించాడు; ఆయన వారసులు ఆ అధ్యాయాన్ని ఎక్కువగా తిరగెయ్యరు.

ఇక మన బొగ్గు సంగతి. 1871లో విలియం కింగ్ యెల్లందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1886లో లండనులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1889లో బొగ్గు పైకి వచ్చింది. కాని వాటాల ధర అంతకుముందే పైకి వచ్చింది! హెచ్చుధరకు ఆ వాటాలను నైజాం ప్రభుత్వానికే అంటగట్టిన వ్యవహారంపై 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. అందులో ప్రధాన పాత్రధారి అబ్దుల్ హక్‌కు దర్బారు యిచ్చిన బిరుదు సర్దారు. నేటికీ గనిలోపల పనిస్థలం చూసుకునే చిన్న ఉద్యోగి పేరు కూడా సర్దారే. ఒకే బిరుదు, ఒకటి దర్బారులో, ఒకటి భూగర్భంలో.

గనికి వచ్చిన రైతుకూలీకి పల్లె నేర్పిన గౌరవభాష ‘బాంచెన్ దొరా’. బాంచ అంటే దాసి. ‘బాంచెన్’ అంటే నేను నీ దాసిని అని తన నోటితో తానే వేసుకున్న ధర. వెట్టినీ ఆ మాటనూ 1946–51 సాయుధ పోరాటం కలిపి దెబ్బతీసింది. సింగరేణిలో దేవూరి శేషగిరి, మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ వంటివారు సంఘాన్ని నిర్మించినప్పుడు ‘కామ్రేడ్’ అనే మరొక సంబోధన బాయిలోకి దిగింది. దాని మూలార్థం ఒకే గదిలో వుండేవాడు. అందులో తూకమూ లేదు, ధరా లేదు.

1960 దశాబ్దం తొలి ఏళ్ళలో రామగుండంలో గనులు తెరిచాక గోదావరిఖని పట్టణమైంది. అక్కడ యింకొక లెక్క కూడా మొదలైంది. ‘అండి’ పలకని కార్మికుణ్ణి మర్యాద తెలియనివాడిగా కట్టేయడం. తెలంగాణ పల్లెలో ‘నువ్వు’ అనేది చనువుమాట. ఆ సంగతి తెలియక కాదు, తెలుసుకోనక్కరలేదనుకున్నవారే ఆ తీర్పు చెప్పారు.

కోల్ ఫిల్లరుకు టబ్బులు లెక్కపెట్టి కూలి కట్టిన రోజుల్లో మనిషి విలువా, ధరా ఒకే కాగితంమీద కనిపించేవి. 1975 నుంచి జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలు వచ్చాయి. అవి దయగా దొరకలేదు. కాని 1990 ప్రాంతంలో 1 లక్ష దాటిన పర్మనెంటు కార్మికుల సంఖ్య నేడు 40 వేల దరిదాపులకు దిగింది. ఓపెన్‌కాస్టుల్లో మట్టి ఎత్తేవారిలో పెద్దభాగం కాంట్రాక్టు మనుషులు. వారి కూలి కంపెనీ జీతాల పట్టీలో కనిపించదు. కాంట్రాక్టరు ఎస్టిమేటులో, డీజిలు, టైర్ల ఖర్చుల పక్కన కనిపిస్తుంది.