ఫాదర్ ఎఫ్రెం నిర్బంధం: గోవా ఇన్‌క్విజిషన్, గోల్కొండ

ఫ్రెంచి కపూచిన్ సన్యాసి ఫాదర్ ఎఫ్రెం ద నెవేర్‌ను 1649లో మద్రాసు పక్కనున్న శాంథోమ్‌లో పోర్చుగీసువారు పట్టుకొని గోవా ఇన్‌క్విజిషన్ చెరలో వేశారు. మధ్యయుగపు ఐరోపాలో పుట్టిన ఇన్‌క్విజిషన్ అనే కతోలిక మత న్యాయస్థానానికి, తెలుగు నేలను ఏలుతున్న ప్రభువుకు నేరుగా తగువు వచ్చిన సందర్భం ఇది. చెరలో పడింది కతోలిక గురువు, పట్టిచ్చిందీ కతోలికులే. ఆయన్ని విడిపించడానికి సైన్యాన్ని కదిపినవాడు గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా. ఇన్‌క్విజిషన్‌ను ఒక మతం మరో మతం మీద చేసిన దాడిగా మాత్రమే చూసేవారికి ఈ ఉదంతం కొరుకుడు పడదు.

మధ్యయుగపు మూలాలు

కతోలిక విశ్వాసానికి భిన్నమైన బోధలను వెతికి శిక్షించమని 1184లో పోపు మూడో లూసియస్ బిషప్పులను ఆజ్ఞాపించాడు. దక్షిణ ఫ్రాన్సులోని కాథర్లు, ఆల్ప్స్ కొండల్లోని వాల్దెన్సీలు ఆనాటి ముఖ్య లక్ష్యాలు. బిషప్పులతో పని సాగడం లేదని పోపు తొమ్మిదో గ్రెగరీ 1231 నుంచి తానే విచారణాధికారులను నియమించసాగాడు. వీరిలో ఎక్కువమంది డొమినికన్ సభవారు. 1252లో నాలుగో ఇన్నోసెంట్ నిందితులను హింసపెట్టి నిజం రాబట్టడానికి అనుమతించాడు.

మరణశిక్షల కన్నా భయం పుట్టించింది ఆ విచారణ నడిచే తీరు. ఫిర్యాదు చేసినవారి పేరు నిందితుడికి చెప్పేవారు కాదు. తనను ఎందుకు పట్టుకున్నారో తానే ఊహించి ఒప్పుకోవాలి. ఒప్పుకొని పశ్చాత్తాపపడితే ప్రాయశ్చిత్తంతో బయటపడవచ్చు. మొండికేసినా, ఒకసారి ఒప్పుకొని మళ్లీ పాత దారి పట్టినా దహనానికి రాజాధికారులకు అప్పగించేవారు. ఈ పద్ధతులన్నిటినీ ఆరగాన్ రాజ్యానికి చెందిన నికొలావ్ ఐమెరిక్ 1376లో విచారణాధికారుల కోసం గ్రంథంగా కూర్చాడు. 1578లో రోములో దాన్ని వ్యాఖ్యతో సహా మళ్లీ అచ్చువేశారు.

స్పెయిన్ 1478లోనూ, పోర్చుగల్ 1536లోనూ సొంత ఇన్‌క్విజిషన్లు పొందాయి. ఇక్కడొక తేడా ఉంది. మధ్యయుగపు న్యాయస్థానాలు పోపు చెప్పుచేతల్లో ఉండేవి. ఇవి పోపు అనుమతితో పుట్టినా రాజుల పనిముట్లుగా ఎదిగాయి. గోవాలో 1560లో పెట్టింది పోర్చుగల్ న్యాయస్థానపు శాఖ. క్రైస్తవం పుచ్చుకున్న యూదుల వంశీకులు, మతం మారినా పాత ఆచారాలు వదలని స్థానికులు దాని బారిన ఎక్కువగా పడ్డారు. మధ్యయుగం నుంచి దానికి దక్కిన వారసత్వం ఆ విచారణ పద్ధతే.

మద్రాసుకు చేరిన కపూచిన్

ఆసియాలో చర్చి వ్యవహారాలపై పోర్చుగల్ రాజుకు పోపులు ఇచ్చిన ఆధిపత్యాన్ని పాద్రువాదో అంటారు. ఆ ఏర్పాటు కింద 1606లో శాంథోమ్ కేంద్రంగా మైలాపూరు పీఠం వెలిసింది. అయితే 1622లో రోము ప్రొపగాండా ఫిదే అనే సొంత ప్రచార శాఖను నెలకొల్పి, లిస్బన్‌తో నిమిత్తం లేకుండా ఫ్రెంచి, ఇటాలియన్ మిషనరీలను తూర్పుకు పంపడం మొదలుపెట్టింది. ఎఫ్రెం అలా వచ్చినవాడే.

ఆయన వెళ్లాల్సింది బర్మాలోని పెగుకు. దారిలో భాగ్యనగరంలో ఆగాడు. ఆయన దగ్గర సుల్తాను గణితం నేర్చుకున్నాడనీ, సుల్తాను అరబ్బు అల్లుడు తన ఖర్చుతో ఇల్లూ చర్చీ కట్టిస్తానన్నాడనీ ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే రాశాడు. ఎఫ్రెం ఒప్పుకోలేదు. మచిలీపట్నం చేరాక పెగుకు ఓడ దొరకలేదు. 1642లో మద్రాసు వెళ్తే ఇంగ్లీషువారు ఆయన్ని ఉండిపొమ్మన్నారు. దామెర్ల నాయకులు మూడేళ్ల కిందట ఇచ్చిన నేల మీద వారి కోట అప్పుడప్పుడే లేస్తోంది. ప్రొటెస్టెంట్లయినా వారికి పోర్చుగీసు మాట్లాడే కతోలిక సిపాయిలు, వర్తకులు కావాలి. వాళ్లు రావాలంటే గురువు కావాలి. ఎఫ్రెం చర్చి పెట్టగానే జనం శాంథోమ్ విడిచి మద్రాసు చేరసాగారు. ఆయన మీద మోపిన నేరాలకు మతం రంగు ఉన్నా అసలు కారణం ఈ వలసేనని చెప్పాలి.

నిర్బంధం, విడుదల

తవెర్నియే కథనం ప్రకారం రాజీ కుదర్చడానికని శాంథోమ్ వెళ్లిన ఎఫ్రెంను ఇన్‌క్విజిషన్ మనుషులు పది పన్నెండుగురు చుట్టుముట్టారు. కాళ్లకూ చేతులకూ సంకెళ్లు వేసి ఓడెక్కించారు. 22 రోజులు ఎక్కడా ఒడ్డున దించలేదు. గోవా చేరాక కూడా పొద్దుగూకేదాకా ఆగి, ఊరివాళ్లు అడ్డుపడతారన్న భయంతో రాత్రిపూట చెరసాలకు తరలించారు. మరో కపూచిన్ ఫాదర్ జెనోన్ శాంథోమ్ గవర్నర్నే పట్టి నిర్బంధించి బదులు తీర్చుకోబోయాడు. గవర్నర్ తప్పించుకున్నాడు. రోము నుంచీ, పోర్చుగల్ రాజు నుంచీ ఉత్తరాలు వచ్చినా గోవా కదలలేదు.

అప్పటికి గోల్కొండ సేనలు మీర్ జుమ్లా నాయకత్వంలో కర్ణాటకాన్ని జయిస్తూ శాంథోమ్ చుట్టుపట్ల ఉన్నాయి. రెండు నెలల్లో ఎఫ్రెంను వదిలిపెడతామని మాట ఇవ్వకపోతే ఊరిని ముట్టడించి నాశనం చేయమని సుల్తాను ఆజ్ఞ పంపాడు. ఆ ఆజ్ఞ నకలు గోవాకు చేరాక తలుపులు తెరుచుకున్నాయి. గోవా గురువర్గమంతా ఊరేగింపుగా వచ్చి పిలిస్తే తప్ప ఎఫ్రెం బయటికి రానన్నాడట. 1651 ప్రాంతంలో విడుదలైన ఆయన మద్రాసు తిరిగివచ్చి దశాబ్దాల పాటు అక్కడే సేవ చేశాడు.

ఎంతవరకు నమ్మాలి

తవెర్నియే ప్రొటెస్టెంటు. కపూచిన్లకు స్నేహితుడు. కథను రక్తి కట్టించే నేర్పున్నవాడు. కాబట్టి ఊరేగింపు వంటి ముచ్చట్లను ఆయన మాటగానే తీసుకోవాలి. అయితే 1652లో ఆయన మచిలీపట్నం, మద్రాసు మీదుగా గండికోటకు వెళ్లి మీర్ జుమ్లాను స్వయంగా కలిశాడు. ఎఫ్రెంను మోసంతో పట్టుకున్న సంగతి ఇంగ్లీషు కంపెనీ ఉత్తరాల్లోనూ ఉంది. చుట్టూ గోల్కొండ సేనలున్న శాంథోమ్‌కు సుల్తాను బెదిరింపు తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. ఈ భాగం నమ్మదగినదే.

గోవా న్యాయస్థానం మొత్తం లెక్కలపై వివాదం ఇంకా చల్లారలేదు. 1561 నుంచి 1774 వరకు 16,202 విచారణలు, 57 మందికి మరణశిక్ష అమలు, 64 మంది దిష్టిబొమ్మల దహనం అన్నది చరిత్రకారులు సాధారణంగా చెప్పే లెక్క. 1812లో రద్దయ్యాక గోవా దస్తావేజుల్లో చాలా భాగం నాశనమైంది. దమన్‌లో అరెస్టయిన ఫ్రెంచి వైద్యుడు దెలోన్ 1687లో అచ్చువేసిన అనుభవ కథ ఐరోపాలో కతోలిక వ్యతిరేకులకు ఆయుధమైంది. ఆ పుస్తకాన్ని ఎవరు వాడుకున్నారన్నది వేరే సంగతి, దెలోన్ పడ్డ బాధ నిజం. లక్షలమందిని చంపారనేవారి వద్ద ఆధారం లేదు. 57 మందే కదా అని తేల్చేసేవారు ఆస్తుల జప్తు, దేశబహిష్కారం, కారణం తెలియకుండా చెరలో గడిపిన ఏళ్లు లెక్కలో వేయడం లేదు. ఎఫ్రెంను కూడా ఎవరూ కాల్చలేదు.

వాటికన్ 1998లో తన ఇన్‌క్విజిషన్ దస్తావేజులను పరిశోధకులకు తెరిచింది. సత్యసేవ పేరుతో జరిగిన బలప్రయోగానికి రెండో జాన్ పాల్ 2000 మార్చి 12న దేవుని క్షమాపణ వేడాడు. 2015లో పోపు ఫ్రాన్సిస్ టురిన్‌లో వాల్దెన్సీలను క్షమించమని అడిగాడు.

సికింద్రాబాదులో ఆ తగువు

పాద్రువాదో, ప్రొపగాండాల తగువు ఇన్‌క్విజిషన్‌తో ముగియలేదు. 1838లో పోపు పదహారో గ్రెగరీ మైలాపూరుపై పోర్చుగల్ అధికారాన్ని తీసివేస్తే గోవా గురువులు ఒప్పుకోలేదు. ప్రొపగాండా కింద వచ్చిన ఐరిష్ గురువు డేనియల్ మర్ఫీ సికింద్రాబాదులో 1840లో మొదలుపెట్టిన సెయింట్ మేరీస్ చర్చి 1850లో పూర్తయింది. రాంగోపాల్‌పేట్‌కు దగ్గరలో, సరోజినీదేవి రోడ్డు మీద అది నేటికీ ఉంది. 1851లో చర్చి పాలనలో మద్రాసు నుంచి హైదరాబాదును విడదీసినప్పుడు మర్ఫీయే మొదటి అధిపతి. 1886లో రోము, పోర్చుగల్ ఒప్పందం తర్వాత హైదరాబాదు పూర్తి మేత్రాసనం (బిషప్ పీఠం) అయింది. అదే ఏడాది బిషప్ కప్రోత్తి తన పీఠాన్ని గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్స్‌కు మార్చాడు. సెయింట్ మేరీస్ 2008లో బసిలికా హోదా పొందింది. ఎఫ్రెం నాటిన మద్రాసు మిషన్, ఆయన పట్టుబడిన శాంథోమ్ కేంద్రంగా ఉన్న మైలాపూరు పీఠం 1952లో ఒకే ఆర్చిబిషప్ కిందికి వచ్చాయి.