కార్డుకో నంబరు: ఆటగాళ్ళ బొమ్మల మార్పిడి చరిత్ర

ఉపోద్ఘాతం

మనలో చాలామంది ట్రంప్ కార్డులు ఆడినవాళ్ళమే. ఒకే కార్డు రెండుంటే ఒకటి స్నేహితుడికిచ్చి, మన దగ్గర లేనిది తీసుకుంటాం. మన అమ్మానాన్నలు చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు, అగ్గిపెట్టె బొమ్మలు ఇలాగే మార్చుకునేవారట. పక్క బెంచీలో ఉన్నవాడితో మార్చుకోవడం సులభమే, కార్డు కళ్ళ ముందే ఉంటుంది కదా! మరి ఎన్నడూ చూడని మనిషితో, వందల మైళ్ళ దూరంలో ఉన్నవాడితో మార్చుకోవాలంటే ఎలా? ఈ ప్రశ్నకు జవాబు అమెరికాలోని బేస్‌బాల్ కార్డుల చరిత్రలో ఉంది.

సిగరెట్ పెట్టెలో పుట్టింది

1880లలో అమెరికాలో సిగరెట్లను పలచని కాగితపు పెట్టెల్లో అమ్మేవారు. అవి నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. ఊరికే ఉన్న అట్ట మీద బొమ్మ వేస్తే అమ్మకం పెరుగుతుందని కంపెనీలకు తోచింది. రిచ్‌మండ్ నగరంలోని అల్లెన్ అండ్ గింటర్ కంపెనీ 1887లో 50 మంది క్రీడావీరుల బొమ్మలు వేసింది. వారిలో 10 మంది బేస్‌బాల్ ఆటగాళ్ళు. ఇంగ్లండులో విల్స్ కంపెనీ 1896లో 50 మంది క్రికెట్ ఆటగాళ్ళ కార్డులు తెచ్చింది. సెట్టు పూర్తి కావాలంటే ఇంకో పెట్టె కొనాలి, లేదా ఎవరితోనైనా మార్చుకోవాలి. మార్పిడి అక్కడే మొదలైంది.

1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ ఐదు వందలకు పైగా కార్డులు వేసింది. అందులో హోనస్ వాగ్నర్ అనే గొప్ప ఆటగాడి కార్డు కొద్దిగా అచ్చయ్యాక ఆగిపోయింది. ఆయనే వద్దన్నాడు. పిల్లలు తన బొమ్మ కోసం పొగాకు కొనడం ఇష్టంలేక అని కొందరు, డబ్బు ఇవ్వలేదని అని కొందరు అంటారు. ఏదైతేనేం, ఆ కార్డు చాలా అరుదైపోయింది.

దొరకని 106

తరువాత కార్డులు పొగాకును వదిలి బబుల్‌గమ్‌లోకి వచ్చాయి. 1933లో బోస్టన్‌కు చెందిన గౌడీ కంపెనీ ఒక సెంటుకు గమ్, దానితో ఒక కార్డు అమ్మింది. నంబర్లు 240 వరకు ఉన్నాయి. కానీ 106వ నంబరు కార్డు ఆ సంవత్సరం వేయనే లేదు! అది ఎంతో కరువు కాలం. చేతిలో ఒక్క సెంటు ఉన్న పిల్లలు 106 కోసం మళ్ళీ మళ్ళీ గమ్ కొన్నారు. చివరికి కొందరు ఉత్తరాలు రాసి నిలదీస్తే, 1934లో నెపోలియన్ లాజోయ్ బొమ్మతో ఆ కార్డు వేసి అడిగినవాళ్ళకు పోస్టులో పంపారు. మొత్తం కార్డులు ఎన్ని, ఏవి అనే సరైన జాబితా పిల్లల చేతిలో ఉంటే ఈ మోసం సాగేది కాదు.

జాబితా రాసిన కార్మికుడు

ఆ జాబితా రాసింది ఏ కంపెనీ కాదు, జెఫర్సన్ బర్డిక్ అనే ఒక ఫ్యాక్టరీ కార్మికుడు. సిరక్యూస్ నగరంలో విద్యుత్ పరికరాలు బిగించే పని ఆయనది. కీళ్ళవాతంతో వేళ్ళు బిగుసుకుపోతున్నా పాత కార్డులన్నీ పోగుచేసి, 1939లో ఒక కేటలాగు అచ్చువేశాడు. తరువాత అదే అమెరికన్ కార్డ్ కేటలాగ్ అయింది. 19వ శతాబ్దపు పొగాకు కార్డులకు ఎన్, 20వ శతాబ్దపు వాటికి టి, తొలినాటి మిఠాయి కార్డులకు ఇ అనే అక్షరాలు పెట్టి, ప్రతి సెట్టుకు ఒక నంబరిచ్చాడు. వాగ్నర్ కార్డు ఉన్న సెట్టు టి206. ఈ రోజుకీ అందరూ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు.

దీనివల్ల ఏమైందంటే, ఒకరికొకరు తెలియనివాళ్ళు కూడా ఉత్తరంలో రెండు ముక్కలు రాస్తే చాలు, ఏ కార్డు గురించో ఇద్దరికీ అర్థమయ్యేది. పొడుగ్గా వర్ణించనక్కరలేదు, పొరపాటు పడే పనిలేదు.

బర్డిక్ తన సేకరణనంతా న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంకు ఇచ్చేశాడు. మొత్తం 3 లక్షలకు పైగా ముక్కలు, అందులో బేస్‌బాల్ కార్డులే 30 వేలకు మించి ఉన్నాయి. ఆ నొప్పి చేతులతోనే ఏళ్ళ తరబడి వాటిని ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో పని ముగిసింది. అదే సంవత్సరం మార్చిలో ఆయన చనిపోయాడు.

ధర వచ్చింది

1952లో టాప్స్ కంపెనీ 407 కార్డుల పెద్ద సెట్టు తెచ్చింది. అమ్ముడుపోని పెట్టెలను 1960లో పడవలో తీసుకెళ్ళి అట్లాంటిక్ సముద్రంలో పారేశామని, కంపెనీలో పనిచేసిన సై బర్గర్ చెప్పాడు. అదే సెట్టులోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడైంది!

బర్డిక్ వాగ్నర్ కార్డుకు 50 డాలర్లు అని రాసినప్పుడే అది పెద్ద ధర. 1979లో జేమ్స్ బెకెట్ అనే గణాంకశాస్త్ర ప్రొఫెసర్ ధరల పుస్తకం తెచ్చాక, "నీ దగ్గర ఏముంది?" అనే మాట పోయి, "దాని విలువెంత?" అనే మాట వచ్చింది. డబ్బు వస్తుందని జనం కొన్నారు, కంపెనీలు లెక్కలేనన్ని అచ్చువేశాయి. అందుకే 1980ల చివర వచ్చిన కార్డులు చాలావాటికి ఇప్పుడు విలువే లేదు.

మళ్ళీ మార్పిడి

ఇప్పుడు బర్డిక్ జాబితా లాంటివి ఇంటర్నెట్‌లో ఉన్నాయి. నా దగ్గర ఉన్నవి, నాకు కావాల్సినవి అని గుర్తు పెడితే, ఎవరితో ఇచ్చిపుచ్చుకోవచ్చో కంప్యూటరే చూపిస్తుంది. కార్డును ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, మూలలు వంగకుండా అట్టల మధ్య పోస్టులో పంపుతారు. మూల నలిగి ఉంటే ముందే చెప్పాలి. పైసా ఖర్చులేని కార్డయినా, సెట్టులో చివరిదైతే దొరికినవాడికి పండగే. జాబితా ఎంత పెద్దదైనా, చివరికి నిలబెట్టేది మాటే అన్నమాట.

ముగింపు

సిగరెట్ పెట్టెలోని అట్టముక్కను చరిత్రగా మార్చింది దాని ధర కాదు, దాని పేరు, సంవత్సరం రాసిపెట్టిన ఒక మనిషి ఓపిక. మన ఇళ్ళలో తాతల కాలం ఫోటోలు ఎన్నో ఉన్నాయి. వెనకాల పేరు ఉండదు, ఊరు ఉండదు. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. తెలుగునాడు వదిలి ఎన్నో తరాలైన మన కుటుంబాలకు అవే ఆధారాలు. ఈ సెలవుల్లో ఒక పెన్సిల్ తీసుకుని వాళ్ళ పక్కన కూర్చుందాం. పేరు, ఊరు, సంవత్సరం, మూడూ అడిగి వెనకాల రాద్దాం.